చల్లని కబురుకు జవాబు

ద్వారకానగర్‌లో జిరాక్స్ షాపు మీద మేడ.
ఫ్యాను వేస్తే సుద్దపొడి, ఆపేస్తే చెమట.
ఫ్లోరెన్స్ మేడమ్ ఆ రోజు బోర్డు మీద రాసింది పదహారో పాఠం:
ఎవరైనా మంచి కబురు చెబితే ఏమనాలి.

కంగ్రాచ్యులేషన్స్.
దట్స్ వండర్‌ఫుల్ న్యూస్.
యూ డిజర్వ్ ఇట్.
ఐయామ్ సో హ్యాపీ ఫర్ యూ.

"చివర్న గొంతు పైకి లేవాలమ్మా.
బావిలోకి చేద వదిలినట్టు
అందరూ కిందికి దించేస్తున్నారు."
లేపాం, పదిహేడు గొంతులు.
కింద జిరాక్స్ కుర్రాడు బయటికొచ్చి తలెత్తి చూశాడు.

"యూ డిజర్వ్ ఇట్ అంటే ఏటి మేడమ్?" అంది నూకరత్నం.
నీకు తగినదే జరిగింది, అని అర్థం.
"అమ్మో, మా పేటలో ఆ మాటంటే
జుట్లు పట్టుకుంటారు మేడమ్!"
నవ్వాం గానీ నిజమే,
మా ఇళ్ళల్లో తగినది అంటే శాస్తి ఒక్కటే.

ఇద్దరిద్దరు జతకట్టి సాధన చెయ్యమంది.
నేను కారు కొన్నాను, నూకరత్నం సంతోషించింది.
తనకి కవలలు పుట్టారు, నేను సంతోషించాను.
నాకు సింగపూర్ ట్రాన్స్‌ఫర్, తనకి లాటరీ.
అరగంటలో ఎంత కలవాళ్ళమైపోయామో,
ఒకరికొకరం ఎంత తేలిగ్గా మురిసిపోయామో!

రుషికొండ హోటల్లో రిసెప్షన్‌కి ఖాళీ ఒకటే.
నల్ల బూట్లు తప్పనిసరి.
పూర్ణా మార్కెట్లో గంటసేపు బేరమాడి
చెరిసగం వేసుకుని ఒకే జత కొన్నాం.
నా పాదం ఆరు, తనది ఐదు.
పదింటికి నేను తొడుక్కుని లోపలికెళ్ళాను,
పదకొండున్నరకి బాత్రూమ్‌లో విప్పి ఇచ్చాను.
వేళ్ళ దగ్గర కాగితం కుక్కుకుంది తను.
పదహారో పాఠం నోట్సే, చింపి.

తొమ్మిదో రోజు సాయంత్రం ఫోను.
బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ బండి దగ్గర
ఉల్లిపాయలు తక్కువెయ్యమంటున్నాను.
"ఒలే, నాకొచ్చీసిందే!"
వెనకాల వాళ్ళమ్మ ఏడుపు, కుక్కర్ కూత.

నాలుగు వాక్యాలూ వరసలో నిలబడ్డాయి,
చేతులు కట్టుకున్న బడిపిల్లల్లా.
ఒక్కటీ అడుగు ముందుకెయ్యలేదు.
మా అమ్మమ్మ దీన్ని చల్లని కబురు అనేది.
ఎవరికి చల్లన?
నా కడుపులో అప్పటికే రాజుకుంది.

ఎంతసేపో తెలీదు.
బండి అతను పొట్లం చాచి నించునే ఉన్నాడు.
డాల్ఫిన్ నోస్ పక్కనుంచి ఏదో ఓడ
రేవులోకి వస్తూ కూసింది, నా బదులు.
"ఉన్నావేటే?"
ఉన్నానన్నాను.
ఇంకేమీ దొరక్క
"బూట్లలో కాగితాలు తియ్యకే, జారిపోతావు" అన్నాను.

గొంతు పైకి లేవలేదు.
చేద దిగినట్టే దిగింది, నీళ్ళు తగిలేదాకా.
అటు కుక్కర్ రెండుసార్లు కూసింది.
"నీ సగం డబ్బులు మొదటి జీతంలో ఇచ్చీస్తాను" అంది.
వద్దనలేదు నేను.
నూట డెబ్బై ఐదు రూపాయలు. అవసరమే.

ఆ ఫర్ అన్న ముక్కని
తెలుగులో ఎలా చెప్పాలో మేడమ్‌ని అడగనే లేదు.
నీ కోసం సంతోషమా, నీ తరఫున సంతోషమా?
లేక నా వంతు కూడా తీసుకెళ్ళి
నీకు ఇచ్చెయ్యడమా?

మొదటి డ్యూటీ రోజు మద్దిలపాలెంలో ఆరింటికి
భీమిలి బస్సు కోసం నించున్నాం.
పాత కాగితం చెమటకి ముద్దైపోయింది.
వంగి, ఒక్కో బూటూ విప్పించి,
నా నోట్సులోంచి కొత్త పేజీ మడతపెట్టి పెట్టాను.
తను నా భుజం పట్టుకుని ఒంటికాలి మీద నించుంది.
పక్కన పాలపేకెట్ల ఆయన నవ్వాడు.

బస్సు కదిలింది.
కిటికీలో తన చెయ్యి, తర్వాత వట్టి కిటికీ,
తర్వాత పొగ.
అప్పుడు వచ్చింది నోట్లోంచి,
ఇంగ్లీషులోనే, నాలుగో వాక్యం, మొత్తంగా.
చివర్న పైకి లేచిందో లేదో
మేడమ్ ఉంటే చెప్పేది.